పదిహేడో స్తంభం దగ్గర

శ్రావణ శుద్ధ విదియ, సోమవారం

గవ్వలంక నుంచి లాకు బడికి పొద్దున పోటుతో వెళ్ళాం, సాయంత్రం ఆటుతో వచ్చాం. పిల్లలు ఆరుగురు. కడలి వారి మాణిక్యం రాలేదు. జ్వరమని కబురు పంపారు.

పడవ నడిపేవాళ్ళు రోజూ ఇలా రాసిపెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. నాకు నేను పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని. కొలిచి రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు.

తిరిగి వస్తుంటే పదిహేడో స్తంభానికి కొంచెం ఎగువన సాగనంపు పడవ ఒకటి కాలువకి అడ్డంగా వచ్చింది. ముక్కుకి కొత్త కుండ కట్టి ఉంది. తెల్లగుడ్డ కప్పి ఉంది. ఇద్దరు గెడలు వేస్తూ ఇసకదిబ్బ వైపు పోతున్నారు. నేను మోటారు ఆపి తల దించుకున్నాను. పిల్లలూ దించుకున్నారు. నీళ్ళ మీద వెళ్ళిపోయేవాళ్ళ పేరు అడగకూడదు, వెంట ఉన్నవాళ్ళ మొహం చూడకూడదు, ఆ పడవ దాటిపోయేదాకా ఎవరి మోటారూ మోగకూడదు. మా చిన్నప్పుడు నేల మీద శవం వెళ్తుంటే అంగళ్ళ వాళ్ళు తలుపులు ఓరగా వేసేవారు. ఇదీ అలాంటిదే. లంకలో పిల్లలకి ఈత వచ్చాక నేర్పే రెండో సంగతి ఇది.

అమావాస్య వెళ్ళి రెండో రోజు కనక ఆటు బలంగా ఉంది. పైగా లాకు తలుపులు ఎత్తి ఉన్నాయి. అప్పటిదాకా మోటారుని ఎదురు తిప్పి వేగం పట్టి ఉంచాను; ఆపేసరికి పడవ నీళ్ళతోపాటే జారిపోయింది. గెడ వేసి ముక్కు తిన్నగా నిలబెట్టాను.

"అమ్మమ్మా, మోటారు వేసినప్పటికంటే ఇప్పుడే జోరుగా పోతున్నాం" అంది మా మనవరాలు ఇందుజ.

తల దించుకోమన్నప్పుడు మాట్లాడిందని ఇంటికొచ్చాక పదమూడో ఎక్కం అయిదుసార్లు రాయించాను. పిల్ల అన్నది మాత్రం నిజమే.

తదియ, మంగళవారం

పిల్లలు ఆరుగురు. మాణిక్యం ఇవాళా రాలేదు.

పొద్దున మోటారు తాళం తిప్పగానే గట్టుకన్ను మాట్లాడింది. గట్టు పొడుగునా స్తంభాల మీద ఉండే యంత్రానికి ఆ పేరు. సముద్రం ఊళ్ళని ముంచేసిన ఆ మునక తర్వాత మాకు మిగిలిన నేలంతా ఆ గట్టు వెనకే ఉంది. మోటారు పడవ గంటకి పది కిలోమీటర్లు దాటితే అలలు లేచి గట్టు మట్టిని తినేస్తాయి. అందుకని ఆ కాపలా. కాపలా ఉండాలనే నేనూ అంటాను.

"శేషారత్నం గారూ, నిన్న సాయంత్రం పదిహేడో స్తంభం వద్ద మీ పడవ వేగం గంటకు పద్నాలుగు కిలోమీటర్లు. ఆ సమయంలో మోటారు నమోదు ఖాళీగా ఉంది. పడవలో పిల్లలు ఉన్నందున రెండు మచ్చలు వేయడమైనది."

"ఆపాను కనక ఖాళీగా ఉంది."

"ఆగిన మోటారుతో పద్నాలుగు సాధ్యం కాదు. నమోదును తుడిచివేసినట్టు భావించడమైనది."

"నీళ్ళు ఎంత జోరుగా ఉన్నాయో చూశావా?"

"నేను పడవలను మాత్రమే చూస్తాను."

దానితో వాదించి లాభం లేదు. నా సరంగు పత్రం మీద ఇదివరకే ఒక మచ్చ ఉంది. కాలువలో చెత్త పడేసిన పిల్లాడి చేత దాన్ని తీయించడానికి లాకు దారిలో పడవ నిలిపేసినందుకు, అంటే మరీ నెమ్మదిగా వెళ్ళినందుకు. ఒకటీ రెండూ మూడు. మూడు మచ్చలైతే పత్రం పోతుంది. అరవై అయిదు దాటినవాళ్ళకి మళ్ళీ ఇవ్వరు. నాకు డెబ్బై ఒకటి.

పిల్లల్ని ఎక్కించుకోవడానికి వేరే పరీక్ష ఉంది. లంకలో అది పాసైనదాన్ని నేనొక్కదాన్నే. పడవ ఆగితే ఏడుగురు పిల్లల్నీ మెట్టమీది హాస్టలుకి తీసుకుపోతారు. బడికి రాని పిల్లలు ఉండకూడదన్నది నియమం. ఇందుజ కూడా వెళ్ళాల్సిందే. దాని తల్లి, అంటే మా అమ్మాయి, పూడిక తీసే ఓడ మీద పనిచేస్తుంది, మూడు వారాలకోసారి వస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇప్పటికీ నా కొంగు వేలికి చుట్టుకుంటేగాని నిద్రపోదు.

చవితి, బుధవారం

అప్పీలు పెట్టాను. తీర్పు వచ్చేదాకా పత్రం నా దగ్గరే ఉంటుంది.

లాకు ఆఫీసు గుమాస్తా భానోజీ కాగితం పైకీ కిందికీ చూశాడు. "వేగం మచ్చ మీద కోర్టుకెళ్ళినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరమ్మా. అందరూ వేయించుకుని పోతారు."

"అందరూ వేయించుకుంటారనే అది అంత ధైర్యంగా వేస్తోంది."

"సాక్ష్యం ఏం పెడతారు?"

అదీ ఆలోచించుకునే వెళ్ళాను. ఆ సాయంత్రం ఆ దరిదాపుల్లో ఉన్న పడవలన్నిటి నమోదులూ తెప్పించమని రాశాను. అన్ని పడవలూ ఒకే వేగంతో జారి ఉంటే అది నీటి వేగమే అవుతుంది, నాది కాదు. తొమ్మిదో తరగతి పిల్లాడికైనా అర్థమవుతుంది.

"బాగానే ఉంది" అన్నాడు భానోజీ. "ఎప్పుడైనా వద్దనుకుంటే తీర్పు చెప్పేలోపు వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు తెప్పించిన నమోదులు చూడకుండా పంపేస్తారు. మచ్చ మాత్రం ఉండిపోతుంది."

"వద్దనుకోను" అన్నాను.

వచ్చేటప్పుడు మనసు తేలిగ్గా ఉంది. ఆ సంగతి కూడా రాసి ఉంచుతున్నాను.

నవమి, సోమవారం

పిల్లలు ఆరుగురు.

సాయంత్రం గుబ్బల సత్తిపండు తన వలల పడవ తెచ్చి మా తేలుడింటి పక్కన ఆపాడు. దిగలేదు. మా పిట్టగోడ పట్టుకుని పడవలోనే నిలబడ్డాడు.

"అప్పీలు పెట్టారంట కదండి."

"పెట్టాను."

"మా నమోదులు కూడా అడిగారంటండి."

"అడిగాను. నువ్వూ ఆ రోజు అక్కడే ఉన్నావు. ఆపావా, లేదా?"

"ఆపకుండా ఎలాగండి? నాకూ ఓ మచ్చ పడింది. మా బావకీ పడింది. ఆ చుట్టుపక్కల తొమ్మిది పడవలుంటే తొమ్మిదింటికీ పడ్డాయండి."

"మరి ఒక్కరూ అడగలేదేం? తొమ్మిదిమంది సరంగులున్నారు. చేపల బేరం దగ్గర ఒక్కొక్కరి గొంతు అవతలి గట్టుకి వినిపిస్తుంది."

నవ్వలేదు సత్తిపండు. "అడిగితే ఎందుకు ఆపారంటారు కదండి. అందుకని నోరు మూసుకుని వేయించుకున్నాం. మచ్చేగా, మూడేళ్ళకి పోద్ది."

"ఎందుకు ఆపామో చెప్పడానికేం భయం?"

అతను నీళ్ళవైపు చూశాడు. "ఆ రోజు లాకు దగ్గర చావు రాయించినోళ్ళు ఎవరూ లేరండి, ఆయ్."

ఆ పడవ లాకు వైపు కాక ఇసకదిబ్బ వైపు పోవడం అప్పుడు గుర్తొచ్చింది. ఇక్కడ ఏ తేలుడింటికైనా నిలుపు హక్కు మునకకి ముందు ఇక్కడ సొంత నేల ఉన్నవాళ్ళ పేరు మీదే ఉంటుంది. ఆ మనిషి పోతే ఇంట్లో మిగిలినవాళ్ళు నెల తిరిగేలోపు మెట్ట కాలనీకి వెళ్ళిపోవాలి. చావుని లాకు దగ్గర రాయించి, అక్కడి దహనశాలలోనే కాల్చాలి. రాయించకుండా ఇసకదిబ్బకి తీసుకెళ్ళారంటే దాచారన్నమాట.

"ఎవరు?" అన్నాను. నీళ్ళ మీద అడగకూడని ప్రశ్న.

"కడలి తాతబ్బాయండి. మాణిక్యం తాత. కొడుకు మునకలోనే పోయాడు, ఇప్పుడు కోడలు లోవకుమారీ, ఆ పిల్లా మిగిలారు. లోవ ఈ లంకకొచ్చి కార్తీకానికి పదేళ్ళు నిండుతాయండి. పదేళ్ళుంటే హక్కు ఆవిడ పేరుకే మారుద్ది. మూడు నెలలు ముసలాయన బతికున్నట్టుంటే చాలు."

"అందరికీ తెలుసా ఇది?"

"పేరడక్కూడదు, మొహం చూడకూడదు అంటారు గానీ, ఓరకంట చూడని వాళ్ళెవరండి? నిజంగా చూడనిది మీరొక్కరే పంతులమ్మగారూ."

అతను వెళ్ళాక అప్పీలు నకలు తీసి మళ్ళీ చదివాను. తొమ్మిది పడవలూ ఒక్కసారే ఆగాయని ఇన్నాళ్ళూ లాకు ఆఫీసులో ఎవరికీ తెలియదు. యంత్రం ఒక్కో పడవని విడివిడిగా చూస్తుంది. వాటన్నిటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టమని అడిగిందాన్ని నేనే.

దశమి, మంగళవారం

పిల్లలు ఏడుగురు. మాణిక్యం వచ్చింది.

పడవ ఎక్కే ప్రతి పిల్లనీ ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడగడం నాకు అలవాటు. ఇవాళ నోటిదాకా వచ్చి ఆగాను. నేను ఆగినా ఆ పిల్ల ఆగలేదు.

"తాతయ్య బానే ఉన్నారమ్మా. పడుకున్నారు."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. చెప్పి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్లలెవరూ దానివైపు చూడలేదు. నా పడవలో అబద్ధం ఆడినవాళ్ళు దిగేలోపు అడుగునీళ్ళన్నీ తోడాలి. ఇందుజ డొక్కు చెంబు తీసి చేత్తో పట్టుకుని నా మొహం చూసింది. లోపల పెట్టేయమని కళ్ళతో చెప్పాను.

రాత్రి అన్నం దగ్గర ఇందుజ అడిగింది. "నేనైతే తోడించేదానివి కదూ?"

"అవును."

"మరి?"

దాని కంచంలో మజ్జిగ పోశాను.

నియమం సరైనదా కాదా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే, మెట్ట మీద చోటు తక్కువ, నీళ్ళ మీద ఇంకా తక్కువ, ఎక్కడో ఒక గీత గీయాలి అనేదాన్ని. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను. మా తేలుడిల్లు నా పేరు మీదే ఉంది. ఓడ మీద ఉండేవాళ్ళకి పదేళ్ళ లెక్క రాదు కనక, నేను పోతే మా అమ్మాయీ ఇందుజా నెలలోపు ఖాళీ చేయాలి. ఆ కాగితం మీద సంతకం చేసినప్పుడు నేను రెండోసారి ఆలోచించలేదు. తాతబ్బాయి కూడా నియమం తప్పినవాడు కాదు, బతికినన్నాళ్ళూ ఎప్పుడూ పది కిలోమీటర్లు దాటలేదు.

పౌర్ణమి, ఆదివారం

లోవకుమారి వచ్చింది. బతిమాలడానికి అనుకుని, ఏం చెప్పాలో ముందే కూడబలుక్కున్నాను. ఆవిడ బతిమాలలేదు.

"మీ ఇంట్లో ఖాళీ గోతాలేమైనా ఉంటే ఇస్తారేమోనని వచ్చానండి."

"ఎందుకు?"

"సామాన్లు కట్టుకోవాలి కదండి. ఎల్లుండే కోర్టంట."

"నేనింకా ఏమీ చెప్పలేదమ్మా."

"చెప్తారు కదండి. జడ్జిగారు అడుగుతారు, మీరు చెప్తారు. మీకు అబద్ధం రాదని లంకంతా తెలుసు." మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే గుచ్చుకుంది. "మీరేం బాధపడకండి పిన్నిగారూ. మీకైతే ఏడుగురు పిల్లలు. నాకు ఒక్కత్తే. ఎక్కడుంటే ఏంటి?"

"ఆయన చావు రాయించి ఉండాల్సింది."

"అవునండి. పోయిన రోజు పొద్దున్నే లాకుకి బయల్దేరాను కూడా. సగం దూరం వెళ్ళాను. మాణిక్యానికి ఇంకా చెప్పనే లేదని గుర్తొచ్చి వెనక్కి తిప్పేశాను. ఇంటికొచ్చాక మళ్ళీ కాలు కదల్లేదు."

గోతాలు మూడు ఉన్నాయి. ఇచ్చాను. ఉన్నవి లేవని ఎలా అంటాను?

బహుళ విదియ, మంగళవారం

ఇవాళ బడికి సెలవు. కోర్టు సాయంత్రం లాకు ఆఫీసు మేడ మీద పెట్టారు.

మేజిస్ట్రేటు మెట్ట మనిషి, చిన్న వయసు. పడవ ప్రయాణం పడదు కాబోలు, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని కూర్చుంది. వెనక బల్లల మీద సరంగులు. తలుపు దగ్గర లోవకుమారి ఉతికిన చీర కట్టుకుని, మాణిక్యం చెయ్యి పట్టుకుని నిలబడింది. భానోజీ ముందర, సీలు విప్పని కట్టలో తొమ్మిది పడవల నమోదులు ఉన్నాయి.

ముందు గట్టుకన్ను మాట్లాడింది. వేగం పద్నాలుగు. నమోదు ఖాళీ. తుడిచివేసినట్టు భావన.

"మీరేమంటారు?" అంది మేజిస్ట్రేటు.

"కిటికీలోంచి చూడమంటానండి. ఆ రోజు అమావాస్య వెళ్ళిన రెండో రోజు. ఇవాళ పౌర్ణమి వెళ్ళిన రెండో రోజు. ఆటు బలం ఒకటే. తలుపులూ ఎత్తే ఉన్నాయి. కింద భానోజీ గారి చిన్న పడవ కట్టి ఉంది. దానికి మోటారే లేదు. కట్టు విప్పించి మొదటి స్తంభం ముందునుంచి వదిలించండి."

భానోజీ లేచాడు. "అమ్మా, నా పడవ సముద్రంలోకి పోతుంది."

"అవతల మా బావ పట్టుకుంటాడులెండి" అన్నాడు వెనకనుంచి సత్తిపండు.

విప్పారు. మేజిస్ట్రేటు కిటికీ దగ్గరికి వచ్చింది. మనిషిలేని పడవ తూలుకుంటూ స్తంభం దాటింది. వెనక ఒక్క అల లేవలేదు, గట్టు మీద తుంగ కదల్లేదు. అప్పుడే గట్టుకన్ను గది నిండా వినబడేలా చెప్పింది.

"భానోజీ గారూ, మొదటి స్తంభం వద్ద మీ పడవ వేగం గంటకు పదమూడు కిలోమీటర్లు. ఒక మచ్చ వేయడమైనది."

"నేనిక్కడే ఉన్నాను కదే" అన్నాడు భానోజీ. వెనక బల్లల వాళ్ళు నవ్వారు. మేజిస్ట్రేటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ పదిహేను రోజుల్లో నాకు సంతోషం కలిగింది అప్పుడొక్కసారే. లెక్క నిలబడింది.

ఆవిడ కుర్చీలోకి వెళ్ళి కలం తీసింది. "వేగం నీటిదే, ఒప్పుకుంటున్నాను. అలే లేనప్పుడు గట్టుకి నష్టం లేదు. ఇక మిగిలింది తుడిచివేత సంగతి. మోటారు మీరే ఆపారని తీర్పులో రాయాలంటే కారణం కావాలి. తొమ్మిది పడవల నమోదులు అడిగారు. అవీ ఆగాయంటారా?"

"ఆగాయండి."

"అన్నీ ఒక్కసారే?"

"అవునండి."

"ఎందుకు?"

వెనక నవ్వు ఆగిపోయింది. నేను తిరిగి చూడలేదు. అబద్ధం కాని జవాబులు ఏమేం ఉన్నాయా అని వెతికాను. ఆచారం అంటే, ఏ ఆచారం అంటారు. దారి ఇచ్చాం అంటే, ఎవరికి అంటారు. ఏ నిజం మొదలుపెట్టినా తలుపు దగ్గర నిలబడ్డ ఆ ఇద్దరి దగ్గరికే పోయి ఆగుతుంది.

"అప్పీలు వెనక్కి తీసుకుంటున్నానండి" అన్నాను.

కలం ఆగింది. "మీరు గెలిచినట్టే. అర్థమవుతోందా?"

"అవుతోందండి."

"పత్రం పోతుంది. ఈ వయసులో మళ్ళీ ఇవ్వరు."

"తెలుసండి. నా లెక్క సరైనదని తేలింది. నాకది చాలు."

చాలదు. కోర్టులో నేనాడిన అబద్ధం అదొక్కటే.

మేజిస్ట్రేటు నావైపు చూసింది. తర్వాత బల్లల వైపు చూసింది. ఒక్కొక్క సరంగూ తల దించుకుని ఉన్నాడు, కాలువ మీద దించుకున్నట్టే. తలుపు దగ్గరికి ఆవిడ చూపు వెళ్ళిందో లేదో నేను చెప్పలేను. అల్లం ముక్క ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకి మార్చుకుంది.

"భానోజీ గారూ, మీ మచ్చ కొట్టేస్తున్నాను. ఆ కట్ట విప్పకుండా వెనక్కి పంపేయండి. ఇవాళే."

కింద పత్రం అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. మోటారు తాళం కూడా ఇమ్మన్నారు. ఇచ్చాను. సత్తిపండు నా పడవని తాడు కట్టి ఇంటిదాకా లాక్కొచ్చాడు. దారిలో తాడు మరీ బిగించాడని ఒకసారి కోప్పడ్డాను.

బహుళ తదియ, బుధవారం

గెడలతో నడిపే పడవకి పత్రం అక్కర్లేదు, పిల్లల్ని ఎక్కించుకోవచ్చు. నిన్న రాత్రి నియమాల పుస్తకం మొదటినుంచీ చదివాను, అడ్డు చెప్పే వాక్యం ఎక్కడా లేదు. అయితే గెడ వేయడానికి ఇద్దరు కావాలి, నా భుజాల్లో ఒకటే సరిగ్గా పనిచేస్తుంది. ఇప్పుడు పొద్దున పోటు ఉంది కనక నీళ్ళే మోసుకుపోతాయి, గెడ ఆనిస్తూ వేగం పట్టి ఉంచితే చాలు. అష్టమి నాటికి ఎదురునీళ్ళు. చీకటితో బయల్దేరాలి. వాన పడితే ఏం చేయాలో తెలియదు. ఎన్నాళ్ళు చేయగలనో కూడా తెలియదు. కార్తీకం ఇంకా చాలా దూరంలో ఉంది.

పొద్దున రేవుకి దిగేసరికి లోవకుమారి పడవలో ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, రెండో గెడ పట్టుకుని నిలబడింది. పక్కన మడతపెట్టిన మూడు గోతాలు.

"మీవి తెచ్చానండి" అంది.

"అక్కడ పెట్టు. గెడ అలా కాదు, ఇంకాస్త కిందకి పట్టుకో."

పదిహేడో స్తంభం దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి వలల పడవలు వచ్చాయి. మా పక్కకి రాగానే సత్తిపండు మోటారు ఆపాడు. వాళ్ళ బావ ఆపాడు. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ ఆగిపోయాయి. గెడల నుంచి కారే నీటి చుక్కలు వినిపించాయి.

"ఏమిట్రా ఇది?" అన్నాను. "నేనింకా పోలేదు. మోటార్లు వేసుకుని పనికి పొండి."

"అలకి పిల్లలు ఊగుతారని అండి" అన్నాడు సత్తిపండు.

"నీళ్ళు జోరుగా ఉన్నాయి. ఇలాగే జారితే మళ్ళీ మచ్చ పడుతుంది."

"గెడలు మాకూ ఉన్నాయి కదండి" అని, గెడ నేలకి ఆనించి పడవ నిలబెట్టుకున్నాడు. మేం దాటేదాకా అందరూ అలాగే నిలబడ్డారు. స్తంభం మీంచి గట్టుకన్ను, పడవ గుర్తించడమైనది, మోటారు లేదు, వేగం నాలుగు, అభ్యంతరం లేదు అని చెప్పింది.

బడి రేవులో దిగుతూ మాణిక్యం ఆగింది. నేను అడగలేదు, అదీ చెప్పలేదు. డొక్కు చెంబు తీసుకుని పడవ అడుగునీళ్ళు మూడు చెంబులు తోడి, చెంబు దాని చోట పెట్టి, సంచీ భుజాన వేసుకుని బడిలోకి వెళ్ళిపోయింది.

మోటారు లేదు. వేగం నాలుగు. పిల్లలు ఏడుగురు.